సన్న చక్రాలు

నాగులవాడ–పెదమల్లెల బ్రాంచి లైను పట్టాలు ఎత్తేశాక, ఆ దారిన రోజూ తిరిగే ప్యాసింజర్లందరినీ రైల్వే క్వార్టర్సులో పానకాలరావు హాల్లో బల్ల మీద నడిచే బొమ్మ రైలుకి మార్చారు. ఉత్తర్వు వచ్చిన సోమవారం నుంచే అమలైంది. వీధి గుమ్మం దగ్గర టికెట్టు కొనుక్కుని, బల్ల చివర పెట్టిన చిన్న గేటు దాటితే మనిషి ఎనభై ఏడో వంతుకి వస్తాడు. వంటింటి గోడలో కొట్టిన కన్నంలోంచి బండి అవతలికి పోతే అదే పెదమల్లెల. అక్కడి గేటు దాటితే మళ్లీ మామూలు మనిషి. ఇదెలా జరుగుతుందన్నది కమర్షియల్ డిపార్ట్‌మెంటు చూసుకునే సంగతి కాబట్టి తతిమ్మావాళ్లు పట్టించుకోలేదు. అంతమంది అంత చిన్న బండిలో ఎలా పట్టారని కూడా ఎవరూ అడగలేదు. బండిలో జనం ఎలా పట్టారని అడిగే అలవాటు మనకెప్పుడూ లేదు. ఎక్కారంటే పట్టినట్టే.

బల్ల పొడవు మూడు గజాలు. ప్రయాణం మాత్రం గంటంబావు పట్టేది, ఎందుకంటే టైంటేబులు పాతదే ఉంచారు. బండి బయల్దేరిన కాసేపటికే ఫ్రిజ్ పక్కన సిగ్నలు దగ్గర ఆగి, మిగతా టైమంతా అక్కడే గడిపేది. జనం పేపరు చదువుకునేవారు, బఠాణీలు నమిలేవారు, ప్రభుత్వాన్ని తిట్టుకునేవారు. పెట్టెలు లేవు. పానకాలరావు పెళ్లికి ముందు నుంచీ ముచ్చటపడి కూడబెట్టుకున్నవన్నీ గూడ్సు వ్యాగన్లే. వాటిల్లోనే నిలబడి వెళ్లేవారు. పాత బండికీ దీనికీ పెద్ద తేడా ఏమీ కనిపించలేదు వాళ్లకి.

బొమ్మ రైలు సర్కారుదయ్యాక పని పంచారు. చక్రాలు మెకానికల్ వాళ్లవి, అంటే క్యారేజి అండ్ వ్యాగన్ ఇంజనీరైన పానకాలరావువి. పట్టాలు ఇంజనీరింగ్ వాళ్లవి, అంటే పర్మనెంట్ వే ఇన్‌స్పెక్టరు జాకబ్ ప్రసాదువి. తన చేత్తో తాను పరుచుకున్న పట్టాల మీద బూజు దులపాలన్నా పానకాలరావు ఇప్పుడు జాకబ్ ప్రసాదుని అడగాలి. చక్రానికీ పట్టాకీ మధ్య సంబంధం ఎవరిదన్నది ఉత్తర్వులో లేదు. అసలు రైళ్ల దగ్గర మాత్రం ఉందా ఏమిటి.

ఆ బండిలో రోజూ వెళ్లేవాళ్లలో పానకాలరావు భార్య మల్లేశ్వరి ఒకరు. పెదమల్లెల హైస్కూల్లో సోషల్ టీచరు. పొద్దున్నే లంచి డబ్బా సంచిలో పెట్టుకుని, మందపాటి నల్ల ఫ్రేము కళ్లద్దాలు తుడుచుకుని, తన ఇంటి గుమ్మం దగ్గరే టికెట్టు కొనుక్కుని చివరి వ్యాగన్ ఎక్కేది. సాయంత్రం అదే వ్యాగన్లో దిగేది. దిగి, గేటు దాటి, ఒళ్లు విరుచుకుని, సంచి కుర్చీలో పడేసి, "కాఫీ పెట్టారా?" అని అడిగేది. పానకాలరావు పెట్టి ఉంచేవాడు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆయన తప్పకుండా చేసిన పనుల్లో అదొకటి.

ఇలా సాగుతుండగా డివిజన్ ఆఫీసరు తనిఖీకి వచ్చాడు. ఆయన జేబులోంచి భూతద్దం తీసి, బల్ల మీదికి వంగి, చాలాసేపు ఒక వ్యాగన్ కింద చూశాడు.

"చక్రాలు మరీ మోటుగా ఉన్నాయండీ" అన్నాడు. "ఈ లెక్కన అసలు వ్యాగనుకి తిరగలి రాళ్లు బిగించినట్టుంటుంది."

పానకాలరావు తలొంచుకున్నాడు. ఆ మాట ఆయనకి కొత్త కాదు. ఆ చక్రాలు చూసినప్పుడల్లా లోపల్లోపల సిగ్గుపడుతూనే ఉన్నాడు. వ్యాగన్ మీద అక్షరాలూ తలుపు గొళ్లాలూ అన్నీ స్కేలుకి ఉన్నాయి, చక్రాలు మాత్రం లావు. పక్కకి జారకుండా పట్టాని పట్టుకునే అంచు కూడా లావే. బొమ్మలు చేసే కంపెనీలు పిల్లలు ఎలా తోసినా పడకూడదని అలా చేస్తాయి. ఎగుడైనా దిగుడైనా, పట్టాల మధ్య వేలు పట్టేంత సందున్నా ఆ చక్రాలు దొర్లుకుంటూ పోతాయి. కాకపోతే చూడ్డానికి బాగుండవు.

నెల తిరక్కుండానే సర్క్యులరూ, దాని వెంట సన్న చక్రాలూ వచ్చాయి. పానకాలరావు సెలవు పెట్టి కూర్చున్నాడు. ఒక్కో వ్యాగన్ వెల్లకిలా తిప్పి, పాత ఇరుసులు ఊడబీకి, ఇరుసు మొన ఆనే చోట కొత్త ఇత్తడి బుష్షులు దింపి, సూదిమొన ఇరుసులు ఎక్కించాడు. చక్రానికీ చక్రానికీ మధ్య దూరం గేజి పెట్టి చూశాడు. వేలితో తడితే చక్రం తిరుగుతూనే ఉండేది, చప్పుడు లేదు. అంచు గోరంత కూడా లేదు. అంత ఆనందం ఆయనకి ఉద్యోగం వచ్చిన రోజున కూడా కలగలేదు. పాత చక్రాలు బిస్కెట్ల డబ్బాలో వేసి బీరువా కింద పెట్టాడు. పారెయ్యడానికి మనసొప్పలేదు.

"రేపట్నించి నీకు కుదుపే ఉండదు చూడు" అన్నాడు భార్యతో.

"కుదుపు సంగతి సరే, బండి వేళకి వస్తుందా?" అంది మల్లేశ్వరి.

పొద్దున బండి బాగానే వెళ్లింది. సాయంత్రం తిరుగు ప్రయాణంలో, దారి రెండుగా చీలే పాయింట్ల దగ్గర, పట్టాని పట్టా దాటే చోట ఉండే సందులో చివరి వ్యాగన్ చక్రం దిగిపోయింది. ఆ సందు పాత లావు చక్రాల కోసం వదిలింది. లావు చక్రం దాని మీదుగా దాటిపోయేది. సన్న చక్రం అందులో పడింది. వ్యాగన్ పక్కకి ఒరిగి, కొక్కెం ఊడి, మిగతా బండి ముందుకెళ్లిపోయింది. చివరి వ్యాగన్లో మల్లేశ్వరి ఒక్కతే ఉంది. దెబ్బలేమీ తగల్లేదు. తలుపు తోసుకుని దిగి, కళ్లద్దాలు సరిచేసుకుని, పట్టా పక్కన నిలబడి పైకి చూసింది.

పానకాలరావు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. బండి పట్టాలు తప్పితే రెండు డిపార్ట్‌మెంట్లూ వచ్చి కొలిచి, జాయింట్ నోట్ మీద సంతకాలు పెట్టేదాకా అక్కడ ఏదీ కదిలించకూడదు. సర్వీసంతా ఈ రూలు ఆయన ఇతరులకి చెప్పినవాడే.

జాకబ్ ప్రసాదు టార్చిలైటు, కొలబద్ద పట్టుకుని వచ్చాడు. సందు కొలిచాడు. చక్రం పానకాలరావు కొలిచాడు.

"నా పట్టా కరెక్టండీ రావుగారూ. మంజూరైన డ్రాయింగు ప్రకారమే ఉంది."

"నా చక్రం కూడా కరెక్టే. కొత్త సర్క్యులరు ప్రకారం ఉంది."

"మరింక గొడవేముంది" అన్నాడు జాకబ్ ప్రసాదు. చక్రం సక్రమం, పట్టా సక్రమం, బండి పడింది అని ఇద్దరూ ఒప్పుకున్నారు. మిగిలింది ప్యాసింజరు. జాకబ్ ప్రసాదు వంగి, మర్యాదగా, "చెల్లెమ్మగారూ, మీరు ఏ పక్కన కూర్చున్నారు?" అని అడిగాడు.

"కూర్చోడానికి చోటెక్కడిదండీ. గూడ్సు వ్యాగన్ కదా. నిలబడ్డాను."

ఇద్దరూ జాయింట్ నోట్ ముందుకి లాక్కున్నారు. ప్యాసింజరు నిలబడి ప్రయాణించుట అని చేర్చి సంతకాలు పెట్టారు. పైవాళ్ల ఆమోదం వచ్చేదాకా యథాస్థితి.

మల్లేశ్వరి టికెట్టు చేత్తో పట్టుకుని గేటు దాకా నడిచొచ్చింది. ఆవిడ అడుగులకి అది చాలా దూరం. గేటు దాటింది కానీ పెరగలేదు. పానకాలరావు ఆవిడని మెల్లగా రెండు వేళ్లతో ఎత్తి, గేటు ఇవతల కుర్చీలో దించి చూశాడు. అప్పటికీ పెరగలేదు. జాకబ్ ప్రసాదు విచారంగా తల ఊపాడు. "వ్యాగన్ రాలేదు కదండీ. వ్యాగన్ రాకుండా అందులో ప్యాసింజరు ఎలా వస్తుంది? రికార్డు ప్రకారం చెల్లెమ్మగారు ఇంకా దారిలోనే ఉన్నారు." ఆ కుర్చీలో పొరపాటున ఎవరైనా కూర్చుంటారేమోనని పానకాలరావుకి భయం వేసింది. తిరిగి తీసుకెళ్లి బల్ల మీదే దించాడు.

జాకబ్ ప్రసాదు వెళ్లాక మల్లేశ్వరి అడిగింది.

"పాత చక్రాలు పారేశారా?"

"లేదు. డబ్బాలో ఉన్నాయి."

"ఈ వ్యాగనుకి అవి తగిలించి లాగండి. గేటు దాకా వస్తే చాలు కదా, ఇంటికొచ్చేస్తాను."

పానకాలరావు బీరువా కింద నుంచి డబ్బా తీశాడు. మూత కూడా తీశాడు. పని పావుగంట కూడా పట్టదు. కానీ పాత చక్రాలతో వ్యాగన్ ఆ సందు దాటిందంటే, తప్పు కొత్త చక్రాలదని తేలిపోయినట్టే. ఆ చక్రాలు సక్రమమని ఇప్పుడే సంతకం పెట్టింది తను. రిటైర్మెంటు దగ్గర పడింది. ఇంకో కారణం కూడా ఉంది, అది ఆయన ఎవరికీ చెప్పలేదు. ఒరిగిన వ్యాగన్ కింద సన్నగా మెరుస్తున్న ఆ చక్రాలని చూస్తుంటే, వాటిని పీకి మళ్లీ ఆ తిరగలి రాళ్లు బిగించడానికి చేతులు రాలేదు. భార్య అక్కడ నిలబడి ఉందని బాధగానే ఉంది. ఏడుపు కూడా వచ్చింది. అయినా చేతులు రాలేదు.

మల్లేశ్వరి టికెట్టు మడిచి సంచిలో పెట్టుకుంది.

"సరే లెండి. రేపు చూద్దాం" అంది.

ఆ రేపుల్లో కొన్ని గడిచాయి. ఆవిడ నిలబడలేకపోతోందని పానకాలరావు అగ్గిపుల్లలతో బెంచీ చేశాడు. ఫ్యాను గాలికి పడిపోతుందని చిన్న షెడ్డు వేశాడు, దాని రేకులకి తుప్పు రంగు కూడా వేశాడు, చాలా బాగా కుదిరింది. తిండికి ఇబ్బంది లేదు. పప్పూ అన్నం కలిపి రెండు మెతుకులు పెడితే ఆవిడకి పూటకి సరిపోయేవి. కాఫీ సీసా మూతలో ఒక్క చుక్క. స్కూలువాళ్లు మంచివాళ్లు, టీచరుగారు ప్రయాణంలో ఉన్నారు కాబట్టి ఆన్ డ్యూటీ కింద వేశారు. ఆవిడ పిల్లలకి సోషల్ డ్రిల్ మాస్టారు చెబుతున్నాడట.

మిగతా ప్యాసింజర్లు షేర్ ఆటోల్లో వెళ్తున్నారు. బండి మాత్రం రద్దు కాలేదు. టైము ప్రకారం బయల్దేరి, పాయింట్లకి జానెడు దూరం దాకా వెళ్లి, వెనక్కి వస్తుంది. అప్పట్నించి ఒక్కసారి కూడా పట్టా తప్పలేదు. ఈ విషయంలో డివిజన్‌కి మంచి పేరొచ్చింది. ఫొటోగ్రాఫర్లు వచ్చి బల్లకి గడ్డం ఆనించి మరీ చక్రాలకి ఫొటోలు తీసుకున్నారు. వాళ్లు వచ్చినప్పుడల్లా మల్లేశ్వరి కదలకుండా కూర్చునేది. కదిలితే ఫొటో చెడిపోతుందని పానకాలరావే చెప్పాడు.

మొదట్లో ఆవిడ రోజూ, "ఆమోదం వచ్చిందా?" అని అడిగేది. తర్వాత, "జాకబ్ ప్రసాదుగారు కనిపించారా?" అని అడిగేది. తర్వాత అవి అడగడం మానేసి, కూరలోకి ఏం తెచ్చారో, పాలవాడు నీళ్లు కలుపుతున్నాడో లేదో కనుక్కునేది. పానకాలరావు బల్ల పక్కకి కుర్చీ జరుపుకుని అన్నీ చెప్పేవాడు. గొంతు తగ్గించి మాట్లాడటం అలవాటైంది, గట్టిగా మాట్లాడితే ఆవిడ చెవులు మూసుకుంటుంది. ఇదివరకు కన్నా ఇప్పుడే ఎక్కువ మాట్లాడుకుంటున్నామని ఆయనకి అనిపించేది. ఆవిడకేమనిపించేదో ఆయన అడగలేదు.

ఏడాది తనిఖీకి డివిజన్ ఆఫీసరు మళ్లీ వచ్చాడు. వెంట జాకబ్ ప్రసాదు ఉన్నాడు. ఆఫీసరు భూతద్దంతో చక్రాలన్నీ చూసి, "ఇదీ పనంటే" అన్నాడు. పానకాలరావు కళ్లు చెమర్చాయి. తర్వాత భూతద్దం మెల్లగా పట్టాల వెంబడి జరిగి, షెడ్డు దగ్గర ఆగింది. మల్లేశ్వరి అలవాటు కొద్దీ కదలకుండా కూర్చుంది. కాకపోతే ఈసారి తలెత్తి భర్త వైపు చూస్తోంది.

"ఈ బొమ్మ ఎక్కడ తెప్పించారు? చాలా సహజంగా ఉంది."

జాకబ్ ప్రసాదు వంగి తన పట్టాలు చూసుకోవడం మొదలుపెట్టాడు. పానకాలరావు నోరు తెరిచాడు. ఒక్క మాట చెబితే చాలని ఆయనకి తెలుసు. ఆ మాట చెబితే జాయింట్ నోట్ దగ్గర్నుంచి చక్రాల దాకా అన్నీ బయటికొస్తాయని కూడా తెలుసు.

"ఇంట్లోదే సార్" అన్నాడు.

"బాగుంది. చీర మడతలు కూడా చక్కగా వచ్చాయి." ఆఫీసరు ఇంకొంచెం వంగాడు. "ఆ కళ్లద్దాల ఫ్రేమొకటే మోటుగా ఉంది. స్కేలుకి సరిపోదు. ఇంత పని చేసి అక్కడెందుకు వదిలేశారు?"

"సరిచేస్తాను సార్."

వాళ్లు వెళ్లిపోయాక పానకాలరావు అందరికీ ఇచ్చిన కాఫీ కప్పులు కడిగి బోర్లించాడు. సొరుగులోంచి అన్నిటికన్నా సన్న ఆకురాయి తీసి, బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎలా అడగాలో తెలియలేదు. ఆకురాయిని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు.

అడగాల్సిన అవసరం రాలేదు. మల్లేశ్వరి తనే కళ్లద్దాలు తీసి, చీర చెంగుతో తుడిచి, బెంచీ చివర పెట్టింది.

"చూసి చెయ్యండి" అంది. "మరీ సన్నం చేస్తే నిలవవు."

పానకాలరావు పట్టుకారుతో వాటిని జాగ్రత్తగా ఎత్తి, దీపం దగ్గరికి తెచ్చుకున్నాడు. అద్దాలు లేకపోతే మల్లేశ్వరికి బల్ల చివర కూడా కనిపించదు. ఆవిడ కళ్లు చికిలించి హాలు వైపు చూసింది, ఆయన లేని వైపుకి.

"బండి వేళయిందా అండీ?"

"ఇంకా లేదు" అన్నాడు పానకాలరావు, ఆకురాయి ఆపకుండా.