తనిఖీకి రిహార్సల్

ఆ రోజు ఉదయం డైరెక్టరుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తనిఖీకి మనిషి వస్తారు. భార్య మంచం మీద పడుకుంటుంది. కోడలు పక్కన నిలబడి కళ్ళు ఒత్తుకుంటుంది. ఆయన మాట్లాడతారు. వచ్చిన మనిషి కరిగిపోయి వెళ్ళిపోతారు. ఆ తర్వాత అందరూ కలిసి కాఫీ తాగుతారు.

డైరెక్టరుగారంటే సినిమా డైరెక్టరు అనుకునేరు. ఆయన సరుకు గిడ్డంగుల ఆఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అక్కడ ఏటా వార్షికోత్సవానికి నాటకం వేయించేవారు. ఉద్యోగం వదిలేసినా నాటకం మాత్రం ఆయన్ని వదల్లేదు. ఇంటికి గ్యాసు సిలిండరు వచ్చినా, ఎవరు ఎటువైపు నుంచి రావాలో, ఎవరు ఎక్కడ నిలబడాలో ఆయనే చెబుతారు.

ఆయన భార్యను వీధిలో అందరూ మిషనమ్మ అంటారు. ముందుగదిలో కిటికీ పక్కన కుట్టుమిషను వేసుకుని వీధి వీధంతటికీ బట్టలు కుట్టిపెట్టిన మనిషి. కిందటేడు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. బీమా కంపెనీవాళ్ళు ఫిజియోథెరపీ చేసే అమ్మాయిని కొన్నాళ్ళు ఇంటికి పంపించారు. మిషనమ్మ చెంచా నోటిదాకా తెచ్చుకోగలిగిన రోజున "ఇంకేం, బాగైపోయిందిగా" అని ఆపేశారు. చెంచా పట్టిన చెయ్యి సూది పట్టగలదా అని ఎవరూ అడగలేదు. ఆ చెయ్యి మళ్ళీ బిగుసుకుపోవడం మొదలైంది. మిషను మీద దుప్పటి కప్పి, ఆవిడ అటువైపు చూడడం కూడా మానేసింది.

సరిగ్గా అప్పుడే శాసనసభలో కొత్త చట్టం చేశారు. పక్షవాతం వచ్చినవాళ్ళకు ఇంటి దగ్గర చేయించే ఫిజియోథెరపీని బీమా కంపెనీలు తమ ఇష్టానికి మధ్యలో ఆపడానికి వీల్లేదన్నారు. ఆరోగ్య శాఖవాళ్ళు అప్పుడప్పుడు మనిషిని పంపి చూస్తారన్నారు. ఆ వార్త చదివిన రోజు డైరెక్టరుగారు పేపరును కళ్ళకద్దుకున్నారు. పోయినసారి ఓటు ఎవరికి వేశారో గుర్తు రాకపోయినా, వేసినందుకు మాత్రం చాలా సంతోషించారు. ఫిజియో అమ్మాయి మళ్ళీ రావడం మొదలుపెట్టింది. మిషనమ్మ చేతికి మళ్ళీ ప్రాణం వచ్చింది.

ప్రాణం రావడమే ఇప్పుడు డైరెక్టరుగారికి ప్రాణం మీదికి వచ్చింది.

"మామయ్యగారూ, చట్టంలో ఏముందో ఓసారి పూర్తిగా చదువుదామా?" అంది కోడలు, ఆఫీసుకు తయారవుతూ.

"చదవడానికేముందమ్మా? చెంచా సంగతి అప్పుడే మర్చిపోయావా? బాగుందంటే ఆపేస్తారు. బాగాలేదంటే ఇస్తారు. ఇందులో తెలియనిదేముంది?"

కోడలు వెళ్ళి కర్టెన్లు దించింది. డైరెక్టరుగారు ఇంట్లో ఉన్న మందుసీసాలన్నీ మంచం పక్కన బల్ల మీద పేర్చారు. నిండుగా కనిపించాలని ఖాళీ అయిన దగ్గు మందు సీసానూ, కాలి నొప్పుల నూనెనూ కూడా చేర్చారు. భార్య మొహం కళగా ఉందని విసుక్కుని పౌడరు తెచ్చి దట్టంగా అద్దారు.

"ఏవండీ, ఊపిరాడ్డం లేదు."

"అదే కావాలోయ్. నీకు ఒక్కటే డైలాగు. 'మంచినీళ్ళు.' అదైనా నేను దగ్గినప్పుడే. కుడిచెయ్యి దుప్పటి లోపలే ఉండాలి. ప్రాణం పోయినా బయటికి తియ్యకూడదు."

మిషనమ్మ సరేనంది. సరేననడంలో ఆవిడకు వేరే తొందర ఉంది. ఫిజియో అమ్మాయి కిందటిసారి వచ్చినప్పుడు తన తెల్లకోటు ఇక్కడే మర్చిపోయింది. దాని జేబు చిరిగి వేలాడుతోంది. ఆ జేబు కుట్టి ఇవ్వాలని మిషనమ్మ ఆశ. భర్త నిద్రపోతుండగా మిషను మీది దుప్పటి తీసి ప్రయత్నిస్తే మిషను కుట్లు దాటేస్తోంది. అందుకని ముందురోజు రహస్యంగా రిపేరు షాపుకు ఫోన్ చేసింది. మర్నాడే మనిషిని పంపుతామన్నారు. తనిఖీ రోజున మిషను బయటికి తీస్తానంటే భర్త ఊరుకోరు గనక, ఆయనకు చెప్పలేదు.

తలుపు చప్పుడైంది. డైరెక్టరుగారు తలుపు తీశారు. భుజానికి సంచీతో ఒక సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. అతను కుట్టుమిషన్ల మెకానిక్కు. పాపం, ఆ సంగతి చెప్పుకునే అవకాశం అతనికి రాలేదు.

"అయ్యా, అమ్మగారు..."

"రండి, మీకోసమే చూస్తున్నాం. అమ్మగారు అదిగో!" అని డైరెక్టరుగారు చెయ్యి చాపి గది చూపించారు. "చూడండి. మీ కళ్ళతో మీరే చూడండి. ఒకప్పుడు ఎలాంటి మనిషి!"

మెకానిక్కు చూశాడు. చీకటి గది, సీసాల వరస, తెల్లగా పాలిపోయిన మొహం. కోడలు కళ్ళు ఒత్తుకుంటోంది.

"అయ్యా, నేను..."

"మీరేం చెప్పక్కర్లేదు. మీ ఉద్యోగం మీది. మిమ్మల్ని ఇబ్బంది పెట్టను," అంటూ డైరెక్టరుగారు దగ్గారు.

"మంచి..." అని మొదలుపెట్టిన మిషనమ్మ ముక్కులోకి పౌడరు వెళ్ళింది. ఇల్లు అదిరేలా తుమ్మింది. తుమ్ముతో పాటు కుడిచెయ్యి దుప్పట్లోంచి బాణంలా వచ్చి ముక్కును మూసింది.

కోడలు కళ్ళు ఒత్తుకోవడం ఆపి నోరు తెరిచింది. డైరెక్టరుగారు మాత్రం తొణకలేదు. "చూశారా! చూశారా! మధ్యమధ్య ఇలా ఎగిరెగిరిపడుతుంది. ఆపడం ఎవరి తరమూ కాదు!" అని ఆ చేతిని పట్టుకుని దుప్పటి కింద దాచేశారు.

మెకానిక్కు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాళ్ళమ్మ గుర్తొచ్చిందో ఏమో, జేబురుమాలు తీసి మొహం తుడుచుకున్నాడు. ఇలాంటి ఇంట్లో మిషను సంగతి ఎత్తడానికి అతనికి మనసొప్పలేదు.

"అమ్మగారు కోలుకునేదాకా దాని ఊసే వద్దండీ. తొందరేం లేదు. నేను చూసుకుంటాను," అని రెండు చేతులూ జోడించి వెళ్ళిపోయాడు.

తలుపు మూసి డైరెక్టరుగారు గాల్లోకి ఎగిరినంత పని చేశారు. "విన్నారా? కోలుకునేదాకా తొందరేం లేదట! ఆయనే చూసుకుంటాడట! ఇన్నేళ్ళ అనుభవంలో ఇలా ఏడ్చిన ప్రేక్షకుణ్ణి చూళ్ళేదు!"

కోడలు ఆఫీసుకు పరిగెత్తింది. డైరెక్టరుగారు ఈ విజయాన్ని ఒక్కరే మొయ్యలేక టీకొట్టు దగ్గర పాత మిత్రులకు పంచడానికి వెళ్ళారు. మిషనమ్మ లేచి మొహం కడుక్కుని, కర్టెన్లు తీసి, మిషను మీది దుప్పటి లాగేసింది. షాపు నుంచి రావాల్సిన మనిషి ఇంకా రాలేదని గుమ్మంలోకి తొంగిచూసింది.

అప్పుడే వచ్చింది అసలు అధికారి. ఆవిడ ఆరోగ్య శాఖ ఉద్యోగి. నడివయసు మనిషి. నూలు చీర, భుజాన సంచీ, ఎండలో నడిచి వచ్చిన అలసట. చూడ్డానికి అధికారిలా ఏమీ లేదు.

"ఇంటికి వచ్చి చూడమని పంపించారండీ. మీరేనా..."

"నేనేనమ్మా ఫోన్ చేసింది! రా తల్లీ, రా. మావారు వచ్చేలోపల కానిచ్చేద్దాం. ఆయన చూశారంటే నానా గొడవా చేస్తారు."

అధికారి కొంచెం తికమక పడుతూనే లోపలికి వచ్చింది. మిషనమ్మ ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. గ్లాసు పట్టుకున్నది కుడిచెయ్యి. అధికారి చూపు గ్లాసు మీద కాక ఆ చేతి మీద ఆగింది.

"ఇబ్బంది ఎక్కడమ్మా?"

"నాలుగు కుట్లు బాగానే పడతాయి, అయిదోది దాటేస్తుంది. చూపిస్తానుండు."

తాను మెకానిక్కును కానని చెప్పడానికి అధికారి నోరు తెరిచింది. ఈలోపు మిషనమ్మ కుడిచేత్తో దారం కొస పట్టుకుంది. చెయ్యి వణికింది. మొదటిసారి దారం సూది పక్కనుంచి జారిపోయింది. రెండోసారీ జారిపోయింది. మిషనమ్మ కొస తడిచేసి, ఊపిరి బిగబట్టి, మళ్ళీ ప్రయత్నించింది. ఈసారి దారం సూదిలోకి దూరింది. ఆవిడ మొహం వెలిగిపోయింది. అధికారి తెరిచిన నోరు మూసేసుకుంది. ఆవిడ చూడ్డానికి వచ్చింది సరిగ్గా ఇదే.

"ఈ పాటి చెయ్యడానికి ఎన్నాళ్ళు పట్టిందో నీకు తెలీదమ్మా," అంది మిషనమ్మ. "ఆ పిల్ల ఒక్కో వేలూ పట్టుకుని చంటిపిల్లకి నేర్పినట్టు నేర్పింది. నేను తిట్టినా నవ్వేది. పని మానేసి కూచుంటే నేను మనిషిని కాదనిపించేది. ఇదిగో, ఈ జేబు ఆ పిల్లదే. నా చేతిని నాకు తెచ్చిచ్చిన పిల్లకి ఒక జేబు కుట్టివ్వలేనా? కాస్త ఈ నూనెడబ్బా పట్టుకో."

అధికారి నూనెడబ్బా పట్టుకుంది. ఎక్కడ పొయ్యాలో తెలియక కొంత తన చీరకొంగు మీద పోసుకుంది.

డైరెక్టరుగారు లోపలికి వస్తూనే గుమ్మంలో కొయ్యబారిపోయారు. "ఏమోయ్! లేచావా! మిషను తీశావా! ఎవరైనా చూస్తే?"

"ఎవరు చూస్తారండీ? ఈ అమ్మాయి మిషను బాగుచెయ్యడానికొచ్చింది."

చేతిలో నూనెడబ్బా చూసి ఆయన తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. టీకొట్టు దగ్గర రెండుసార్లు చెప్పినా ఇంకా తనివి తీరలేదేమో, కుర్చీ దగ్గరికి లాక్కున్నారు.

"నీకు తెలుసా అమ్మా, పొద్దున ఆరోగ్య శాఖ నుంచి తనిఖీకి ఒకాయన వచ్చాడు."

"అలాగా అండీ?" అంది ఆరోగ్య శాఖ అధికారి.

"మేం ఊరుకుంటామా? నాటకం వేశాం! పౌడరు, సీసాలు, కన్నీళ్ళు. ఆయన వలవలా ఏడ్చాడనుకో. మా ఆవిడ ఎలా పడుకుందో చూపిస్తానుండు." అంటూ ఆయన మంచం మీద వాలిపోయి, దుప్పటి లాక్కుని, మూతి ఒక పక్కకు వంకరగా పెట్టి, కళ్ళు తేలేశారు. "మంచి... నీళ్ళు..."

సరిగ్గా అప్పుడు గుమ్మంలో మెకానిక్కు మళ్ళీ ప్రత్యక్షమయ్యాడు.

"అయ్యో! అయ్యగారికి కూడానా!"

మిషనమ్మ అతన్ని చూసింది. "మీరు పొద్దున వచ్చిన అధికారిగారు కదూ?"

"అధికారినేంటమ్మా? మిషను షాపు నుంచి వచ్చాను. మీరున్న స్థితిలో చెప్పలేకపోయాను. మనసూరుకోక మళ్ళీ వచ్చాను. మీరు లేచేసరికి మిషను సిద్ధంగా ఉంటే బాగుంటుంది కదా అని... అన్నట్టు, మీరు లేచే ఉన్నారే!"

అందరూ నూనెడబ్బా పట్టుకున్న మనిషి వైపు తిరిగారు. ఆవిడ డబ్బా కింద పెట్టి, చెయ్యి తుడుచుకుని, సంచీలోంచి గుర్తింపు కార్డు తీసి చూపించింది. డైరెక్టరుగారు మంచం మీది నుంచి లేవలేదు. ఈసారి అది నటన కాదు.

"తప్పంతా నాది," అన్నారాయన పడుకునే. "ఆవిడకేం తెలీదు. కావాలంటే నన్ను జైల్లో పెట్టండి. ఆ చేతికి వైద్యం మాత్రం ఆపకండమ్మా. అప్పట్లో మిషను మీద దుప్పటి కప్పిన రోజు నుంచీ ఆవిడ మాట్లాడ్డం మానేసింది. మాటల్లేని ఆ ఇంట్లో నేను మళ్ళీ ఉండలేను."

మిషనమ్మ ఆయన వైపు వింతగా చూసింది. ఈ మాట ఆయన ఇన్నాళ్ళూ ఆవిడతో ఒక్కసారీ అనలేదు.

"ఆపమని ఎవరన్నారండీ?" అంది అధికారి. "కాస్త బాగుపడగానే ఆపేస్తున్నారనే కదా ఈ చట్టం తెచ్చింది! మెరుగు కనిపిస్తున్నన్నాళ్ళూ ఆపడానికి లేదు. ఏ మెరుగూ లేకుండా మంచం మీదే ఉంటేనే ఈ వ్యాయామం మానిపించి, నర్సు సాయానికి మారుస్తాం. పొద్దున ఈయన చూసిందే నేను చూసి ఉంటే, ఆ ఫిజియో అమ్మాయికి ఇవాళే ఆఖరి రోజయ్యేది."

డైరెక్టరుగారు మెల్లగా లేచి కూర్చున్నారు. మెకానిక్కు వైపు చూశారు. ఆ మనిషి ముందుగా వచ్చి ఏడవకపోతే ఏమయ్యేదో అర్థమయ్యేసరికి, వెళ్ళి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నారు. ఎందుకో తెలియకపోయినా అతను మళ్ళీ కళ్ళు తుడుచుకున్నాడు.

"మరి పొద్దుటి నాటకం..." అని నసిగారు డైరెక్టరుగారు.

"నేను రాకముందు ఇంట్లో ఏం జరిగిందో నాకేం తెలుసు? సూదిలో దారం ఎక్కించడం చూశాను. అదే రాస్తాను," అంది ఆవిడ, కొంగు మీది నూనె మరక చూసుకుని నవ్వుతూ.

డైరెక్టరుగారు చేతులు జోడించారు. డైలాగు అందించడానికి పక్కన ఎవరూ లేరు. ఆయన బదులు మిషనమ్మే అంది. "చట్టం చేసినవాళ్ళెవరో మాకు తెలీదమ్మా. వాళ్ళ కడుపు చల్లగా ఉండాలి. నీ కడుపూ చల్లగా ఉండాలి. ఆ కొంగు ఇలా ఇవ్వు, సబ్బు పెడతాను."

మెకానిక్కు మిషను విప్పి, సూది మార్చి, బెల్టు బిగించాడు. కుట్లు దాటడం ఆగిపోయింది. సాయంత్రం ఫిజియో అమ్మాయి వచ్చేసరికి కోటు మడతపెట్టి సిద్ధంగా ఉంది. జేబు మీద కుట్టు కాస్త వంకరగానే పోయింది. ఆ అమ్మాయి దాన్ని వేలితో తడిమి, ఎవరు కుట్టారో అర్థమై, కోటు మొహానికి అడ్డం పెట్టుకుంది. మిషనమ్మ కుడిచేత్తో ఆ పిల్ల తల నిమిరింది. ఆఫీసు నుంచి వచ్చిన కోడలు కూడా కళ్ళు ఒత్తుకుంది. ఈసారి ఆమెకెవరూ చెప్పలేదు.

మర్నాడు పొద్దున్నే డైరెక్టరుగారు తర్వాతి తనిఖీకి రిహార్సల్స్ మొదలుపెట్టి, ఆరోగ్యంగా ఎలా కనిపించాలో భార్యకు నేర్పించసాగారు.