దేవర పొట్టేలు, అయివారి లెక్క

ఊరి బడిలో పాఠాలు చెప్పే శేషన్న అయివారు ఆ ఉదయం బస్సెక్కి, మధ్యాహ్నానికల్లా కడప హైస్కూలు హెడ్మాస్టరు ముందు నిలబడాలనుకున్నాడు. ఉద్యోగం దాదాపు ఖాయమే. మనిషి మచ్చలేనివాడై ఉండాలన్నది ఒక్కటే షరతు. కానీ ఊరు కదలనిస్తేనా! సుంకులమ్మ దేవర, అంటే జాతర, ఆ రోజే. అమ్మవారికి వదిలిన పొట్టేలు, ఎవరూ కట్టెయ్యకూడని పొట్టేలు, నిన్నటి నుంచి కనబడలేదు. మీరు దొంగలంటే మీరు దొంగలని పైవీధివాళ్లూ కిందివీధివాళ్లూ రచ్చకట్ట దగ్గర కట్టెలెత్తి నిలబడ్డారు.

తలకాయలు పగలడమే తరువాయి. శేషన్న తప్పుకుని బస్సుకు పోదామనే అనుకున్నాడు. అయినా చదివిన ఇంగ్లీషు పుస్తకం ఊరకుండనిస్తుందా? ఊరిపెద్ద గిడ్డయ్యను పక్కకు పిలిచాడు.

"ఎక్కువమందికి మేలు జరిగేదే ధర్మం గిడ్డయ్యన్నా. ఎవడో ఒకడు దొంగతనం నాదేనని ఒప్పుకుంటే సరి. అవమానం వానొక్కనికే, ఊరంతా బతుకుతాది."

"తప్పు చెయ్యనోన్ని దొంగను చేసేదా?" అంది గిడ్డయ్య భార్య భీమక్క.

"లెక్క చూడక్కా! పెండ్లాం బిడ్డల్లేనోడు, చేను గీను లేనోడు, ఊరిడిచి పోయేటోడైతే నష్టం శానా తక్కువ."

గిడ్డయ్య అతన్ని కిందినుంచి పైదాకా చూశాడు. "నీకు పెండ్లి కాలేదు. చేను లేదు. ఈ పొద్దే పోతాండావు."

"అన్యాయం! నేను తియ్యలేదు గదప్పా! నా ఉద్యోగం పోతాది!"

"న్యాయం సంగతి నువ్వు చెప్పలేదే, లెక్కే చెప్తివి," అని గిడ్డయ్య జనం వైపు తిరిగాడు. "అయివారు ఒప్పుకున్నాడప్పో!"

కట్టెలు దిగాయి. కాదనబోయి శేషన్న నోరు తెరిస్తే మళ్లీ లేచాయి. నోరు మూసుకుని, పెట్టె చేతబట్టి రోడ్డు వైపు పరుగెత్తాడు. కడపలో ఎవరికి తెలుస్తుంది లెమ్మనుకున్నాడు.

రోడ్డు పక్క జొన్నచేలో పొట్టేలు హాయిగా మేస్తోంది! మెడలో పసుపుగుడ్డ అలాగే ఉంది. శేషన్నకు ప్రాణం లేచొచ్చింది. బస్సు హారను మోగుతున్నా వినకుండా, కొమ్ములు పట్టి దాన్ని రచ్చకట్టదాకా ఈడ్చుకొచ్చాడు. పెట్టె రోడ్డు మీదే వదిలిపోయిన ప్రయాణికుడు ఏమైపోయాడోనని కండక్టరు కూడా వెంటబడి వచ్చాడు.

"చూడండప్పా, దొరికింది! నేను దొంగను కాదు!"

"యాడ దాచినాడో ఆడ్నించే తెచ్చినాడు," అన్నాడు పైవీధి సుంకన్న.

"పాపం, అమ్మవారికి భయపడినాడులే," అంది కిందివీధి మద్దమ్మ.

రెండు వీధులవాళ్లూ ఒక మాట మీదికి రావడం అదే మొదలు. శేషన్న ఏడుపు ఆపుకోలేక గిడ్డయ్య చేతులు పట్టుకున్నాడు. "నిజం చెప్పన్నా! ఎంతమందికి నష్టమైనా నిజం నిజమే గదా!"

"ఇప్పుడు చెప్తే మళ్లా కట్టెలెత్తుతారు అయివారూ."

భీమక్క మొగుణ్ణి తిట్టిపోసింది గానీ, డప్పుల మోతలో ఆ తిట్లు ఎవరికీ వినబడలేదు. "అయివారే దొంగా!" అని తల ఊపుకుంటూ కండక్టరు బస్సుకు వెళ్లిపోయాడు.

ఆ రోజు బస్సు వేళకే కడప చేరింది. శేషన్న చేరలేకపోయినా, అతని పేరు చేరింది.