రెండు సెంటీమీటర్ల ఇడ్లీ

మాయాద్వీపం పార్కులోని హోటల్లో బిల్లు రూపాయల్లో తీసుకోరు, తినడానికి వచ్చినవాళ్ళ ఎత్తులోంచి తగ్గించుకుంటారు. మొదట్లో రూపాయలే తీసుకునేవాళ్ళు. ప్లేటు ఇడ్లీకి అంతా అని ప్రతి టేబుల్ దగ్గరా గొడవే. ఎత్తు పద్ధతి పెట్టాక గొడవలు ఆగిపోయాయి. పర్సు ఖాళీ అయితే మనిషికి అక్కడికక్కడే మండుతుంది గానీ, రెండు సెంటీమీటర్లు తగ్గితే ఇంటికెళ్ళి అలమారా పై అర అందుకోబోయేదాకా తెలియదు.

మంగతాయికి ఈ సంగతి గేటు దగ్గర ఎవరూ చెప్పలేదు. అక్కడ చెప్పింది ఒక్కటే, బయటి తిండి లోపలికి రానివ్వం అని. తెల్లారకముందే లేచి ఆమె కలుపుకొచ్చిన పులిహోరను సెక్యూరిటీ అతను మూత తీసి, వాసన చూసి, నీలం డ్రమ్ములో బోర్లించాడు. డ్రమ్ములో అప్పటికే ఎవరివో చపాతీలు, పెరుగన్నం, గోంగూర పచ్చడి కలగలిసిపోయి ఉన్నాయి.

"ఖాళీ డబ్బా తీసుకెళ్ళొచ్చు మేడం," అన్నాడు, ఏదో మేలు చేసినట్టు.

వాళ్ళు వచ్చింది కొండ రైలు కోసం. నూట పది సెంటీమీటర్లు ఉన్న పిల్లల్నే అందులో ఎక్కనిస్తారు. ఆరేళ్ళ హన్విక క్లాసులో అందరికన్నా పొట్టి. ప్రేయర్ లైన్లో రోజూ తనే ముందు. మంగతాయి ఏడాదిగా కూతురికి రాగిజావ పట్టిస్తోంది, గుడ్డు పెడుతోంది, ఆదివారం ఆదివారం గుమ్మానికి ఆనించి పెన్సిలు గీత గీస్తోంది. టిక్కెట్ల దగ్గర కొలిస్తే నూట పదకొండు వచ్చింది. ఆ అంకెను ఆమె కొలిచినతని చేత మూడుసార్లు చెప్పించుకుంది.

రైలు రెండు గంటలకి. పన్నెండున్నరకే పిల్ల కడుపు పట్టుకుని కూర్చుంది. పార్కు మొత్తానికి ఆ ఒక్క హోటలే ఉంది.

కౌంటర్లో సముద్రపు దొంగ టోపీ పెట్టుకున్న అమ్మాయి ధరలు చదివింది. ఇడ్లీ రెండు సెంటీమీటర్లు, చికెన్ బిర్యానీ అయిదు, ఐస్‌క్రీమ్ రెండు. తినేవాళ్ళ ఎత్తులోంచే తీస్తారు.

మంగతాయి చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయినా తీసివేతలు గట్టిగానే వచ్చు. నూట పదకొండులో రెండు పోతే రైలు పోతుంది.

"పిల్ల తినేదానికి నా ఎత్తు తీసుకోరా అమ్మా?"

"తీసుకుంటాం మేడం. కాకపోతే ఒకటికి మూడు. పాపది ఇంకా పెరిగే ఎత్తు. మీది ఆగిపోయింది కదా, దానికి గిరాకీ లేదు."

"ఇంత దూరం వచ్చి బేరాలేంటే మంగా," అన్నాడు భర్త కోటేశ్వర్ పళ్ళ మధ్య నుంచి. "వెనకాల జనం చూస్తున్నారు."

అతను బిర్యానీ చెప్పాడు. మంగతాయి ఇడ్లీ చెప్పి, తనకి ఆకలిగా లేదంది.

కుర్చీలో కూర్చోబెట్టి నెత్తి మీదకి ఒక పలక దించుతారు. నొప్పేమీ ఉండదు. మెట్టు ఒకటి ఎక్కువ దిగినట్టు ఉంటుంది, అంతే. నూట యాభై రెండున్న మంగతాయి నూట నలభై ఆరై లేచి, రసీదు తీసుకుంది. చీర కుచ్చిళ్ళు నేలకి జీరాడాయి.

ఇడ్లీలు మూడు వచ్చాయి, గాజు గోళీల కన్నా కాస్త పెద్దవి. చట్నీలో కొబ్బరి బోర్డు మీది ఫొటోలో మాత్రమే ఉంది. హన్విక ఒకటి కొరికింది.

"అమ్మా, ఇవి నిన్నటివా?"

"ష్. తిను. మొత్తం తిను."

కోటేశ్వర్ బిర్యానీలో ముక్క కోసం అడుగుదాకా వెతికాడు. దొరకలేదు. "మెతుకు మాత్రం భలే ఉడికిందే," అన్నాడు. పక్క టేబుల్ వాళ్ళు నాలుగోసారి వచ్చారట. గడ్డాలు టేబుల్ అంచుకి ఆనుతుండగా, పళ్ళేలతో సెల్ఫీలు తీసుకుంటున్నారు. ఎంత కట్టారో తెలిశాక రుచి దానంతటదే పుట్టుకొస్తుంది, వంటవాడికి పెద్దగా పని ఉండదు.

చీర ఎగదోపుకోవడానికి మంగతాయి బాత్రూమ్‌కి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పిల్ల చేతిలో ఐస్‌క్రీమ్ ఉంది.

"ఎవరిచ్చారండీ ఎత్తు?"

"ఒకటే ఏడుపు. నాదైతే ఆరు పోతాయి, దానిదైతే రెండేగా. పిల్లది మళ్ళీ పెరుగుద్ది లేవే."

గౌను పిల్ల మోకాళ్ళు దాటి కిందికి వేలాడుతోంది.

రైలు దగ్గర కర్రకి ఆనించి కొలిచారు. నూట తొమ్మిది. "వచ్చే ఏడాది రామ్మా," అన్నాడు కొలిచినతను. పిల్ల మునివేళ్ళ మీద లేచి నిలబడింది. మడమలు ఆనించమన్నాడు. దాని వెనకున్న పిల్లలు ఒక్కొక్కరే దాటుకుని ఎక్కారు. హన్విక ఏడవలేదు, కరిగిన ఐస్‌క్రీమ్ మోచేతి దాకా కారుతుంటే రైలు పైకి వెళ్ళేదాకా చూసింది. తిరుగు బస్సులో కోటేశ్వర్ దారంతా ఫొటోలు గ్రూపులో పెడుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పక్కింటి అలివేలు పిట్టగోడ మీంచి పిలిచింది. మంగతాయి ఇటుక మీదెక్కి నిలబడి పలికింది.

"ఫొటోలు చూశా వదినా. ఎంత బాగున్నాయో! అక్కడి హోటల్ ఖరీదంటగా. అంత పెట్టినందుకు తగ్గట్టు ఉందా?"

మంగతాయి వెనక్కి చూసింది. హన్విక స్కూలు బ్యాగు తగిలించుకుని, తలుపు గొళ్ళెం కోసం ఎగురుతోంది. బాగాలేదని చెప్పడానికి ఆమె నోరు తెరిచింది. చెబితే ఆ ఆరు సెంటీమీటర్లూ, పిల్లవి రెండూ గాలికి పోయినట్టే. ఊరికే పోయాయని పొద్దున్నే ఒప్పుకోవడం ఏ తల్లికైనా కష్టమే.

"అబ్బో, ఉంది వదినా. ఒక్కసారన్నా చూసి తీరాలి. పిల్లల సంతోషం కన్నా మనకేం కావాలి చెప్పు?"

"మావాడూ చంపేస్తున్నాడు తీసుకెళ్ళమని."

అలివేలు కొడుకు గుమ్మంలో నిలబడి టై ముడి వేసుకుంటున్నాడు. మంగతాయి వాణ్ణి నెత్తి నుంచి పాదాల దాకా నిదానంగా చూసింది.

"తీసుకెళ్ళు వదినా. మీవాడు పొడుగేగా," అంది. "సరిపోతాడు."