షట్టరున్న అర్ర

ఆ రోజు పొద్దున హరిత పెట్టుకున్న పని చిన్నదే. తమ గదికి అద్దాల పరదా ఒకటి కట్టాలి, ఊలుతో తాను అల్లిన "హరిత మహేష్" బోర్డు దాని పైన తగిలించాలి. అంతటితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

ఇంట్లో అంతా అర్ర అని పిలిచే ఆ గది మామూలు గది కాదు. నల్లగొండలో పానగల్ రోడ్డు పక్కన ఇల్లు కట్టినప్పుడు, ఎప్పటికైనా దుకాణానికి కిరాయికివ్వొచ్చని మామ బీరప్ప రోడ్డు వైపు ఒక మడిగె వేయించాడు. దానికి తలుపు లేదు, ఇనుప షట్టరే. కొడుకు పెళ్లయ్యాక ఇంట్లో వేరే జాగా లేక కొత్త జంటకు దాన్నే ఇచ్చారు. పొద్దున మహేష్ ఎంత మెల్లగా లేపినా ఆ షట్టర్ ఘొల్లుమనేది. కొత్త జంట నిద్ర లేచిందని వాడకట్టంతటికీ తెలిసిపోయేది. హరితకు అదీ సంబరమే. షట్టర్ కింది సందులోంచి వెలుతురు సన్నని జరీ అంచులా నేల మీద పరుచుకుంటే, అది చూపించడానికే మహేష్‌ను తట్టి లేపేది.

చాయ్ తాగుతూ బీరప్ప కబురు చెప్పాడు.

"ఇయ్యాల మున్సిపాలిటీ సారు వస్తడట. ఇండ్లన్నీ మల్ల కొలుస్తున్నరు."

"కొలిస్తే ఏమైతది మామయ్యా?"

"కొలుచుడొక్కటే కాదు బిడ్డా. జాగా ఎంత, స్లాబా రేకులా, కట్టి ఎన్నేండ్లాయె, మనమే ఉంటున్నమా కిరాయికిచ్చినమా, అన్నీ చూసి పన్నేస్తరు. ఇంటికొక రేటు, దుకాణానికొక రేటు. మడిగెను దుకాణమని రాసిండనుకో, పన్ను ఎక్కడికో పోతది. దుకాణం పన్ను కట్టి అండ్ల మిమ్ముల పండబెడ్తనా? కిరాయికిచ్చేస్త. మీరు హాల్ల పండుండ్రి."

హాలంటే మామ మంచం, అత్త సోమమ్మ మంచం, ఆ రెంటి నడుమ చాప పట్టేంత చోటు. హరిత చాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"మేము పొలం కాడికి పోయొస్తం. షట్టర్ దించి ఉంచుండ్రి, గంతే," అని బీరప్ప భార్యను బండెక్కించుకుని వెళ్లాడు.

దించి ఉన్న షట్టర్ చూస్తే ఎవరైనా దుకాణమే అనుకుంటారు కదా! పైకి లేపితేనే లోపలి సంసారం కనిపిస్తుంది. డిగ్రీ చదివిన హరితకు ఈ ఆలోచన చాలా తెలివైనదిగా తోచింది. డ్యూటీకి బయల్దేరుతున్న మహేష్‌ను ఆపింది.

"జర మంచం విప్పి దొడ్లె పెట్టిపో."

"ఎందుకు?"

"పరాయాయన మన మంచం చూస్తడా? సిగ్గు లేదా నీకు?"

సిగ్గు మాట వచ్చాక మహేష్ చొక్కా చేతులు మడిచాడు. మంచం దొడ్డికి చేరింది.

ఖాళీ గది ఇల్లులా అనిపించలేదు. ఇంటి కళ రావాలని హరిత పెళ్లికి వచ్చిన కానుకలన్నీ విప్పింది. స్టీలు డబ్బాలు, హాట్‌బాక్సులు, డిన్నర్ సెట్లు గోడ పొడవునా పేర్చింది. ప్రతి చుట్టమూ తనకొక్కడికే తట్టిందనుకుని ఇచ్చిన గోడ గడియారాలను వరుసగా తగిలించింది. చీరలు దండేనికి వేసింది. షట్టర్ పూర్తిగా పైకి లేపి, రోడ్డు మీదికి కనబడేలా పైన ఊలు బోర్డు వేలాడదీసి, దూరం నుంచి చూసి మురిసిపోయింది.

ముందుగా వచ్చింది ఎదురింటి హనీఫా.

"మాషా అల్లా! దుకాణం తెరిచినవా బిడ్డా? ఒక్క మాటన్న చెప్పకపోతివి!"

"దుకాణం కాదు చాచీ, మా ఇల్లే!"

"సొంతిల్లైతే ఇంకా మంచిగాయె. కిరాయి లేదు, రేటు తగ్గించి ఇస్తవ్. శుక్రవారం మా చెల్లె బిడ్డ పెండ్లుంది. గీ డిన్నర్ సెట్ ఎంత?"

"అయ్యో, ఉత్తగనే తీస్కపో చాచీ."

"మొదటి బేరం ఉత్తగ తీసుకుంటరా ఎవలన్న?" అని హనీఫా ఆమె గుప్పిట్లో నోట్లు కుక్కి, డిన్నర్ సెట్ చంకన పెట్టుకుని, వాడకట్టంతా చెప్పుకుంటూ పోయింది.

కాసేపటికి ఆడవాళ్లు గుంపుగా వచ్చారు. కొత్త కోడలు ఎవరినీ గట్టిగా కాదనలేకపోయింది; డబ్బాలు, హాట్‌బాక్సులు ఒక్కొక్కటే అమ్ముడైపోయాయి. పక్కింటి అవ్వ షట్టర్‌కు పసుపు కుంకుమ పెట్టి, గడప ముందు కొబ్బరికాయ కొట్టింది. కొబ్బరి నీళ్లు చింది పడింది సరిగ్గా మున్సిపాలిటీ జుల్ఫికర్ సారు బూట్ల మీద.

ఆయన బూట్లు చూసుకున్నాడు. గుంపును చూశాడు. తలెత్తి బోర్డు చదివాడు.

"హరిత మహేష్. పేరు బాగున్నదమ్మా. ఎప్పుడు ఓపెన్ జేసిండ్రు?"

"దుకాణం కాదు సార్! గీ అర్రల మేముంటం!"

"ఉంటే మంచిదే. ఎక్కడ పండుకుంటరు?"

ఆడవాళ్లంతా హరిత వైపు తిరిగారు. ఒకరిద్దరు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. హరిత మొహం ఎర్రబడింది. "ఇక్కడే" అనే ఒక్క మాట చాలు. ఆ ఒక్కటే బయటికి రాలేదు. చేతిలోని నోట్లు కొంగు కింద దాచుకుంది.

సారు టేపు సాగదీసి మడిగె కొలుచుకున్నాడు. "మీ మామ పోయినేడే కాయితం ఇచ్చిండమ్మా, గీ అర్ర ఇల్లు లెక్కనే ఉండె. నేనొచ్చింది మీద కొత్తగ కట్టిన మెట్ల రూము కొలుద్దామని. దుకాణం కండ్ల ముంగట నడుస్తుంటే నేనెట్ల కాదంట? బంద్ జేస్తే దరఖాస్తు పెట్టుండ్రి, మల్లొచ్చి చూస్తం."

షట్టర్ దించి ఉంటే ఆయన మెట్లెక్కి, కొలిచి, దిగి వెళ్లిపోయేవాడు. హరిత వెంటనే షట్టర్ కిందికి లాగింది. అది ఎప్పటిలాగే ఘొల్లుమంది.

మధ్యాహ్నం వచ్చిన బీరప్పకు కోడలు ఏడుస్తూ అంతా చెప్పింది. కోప్పడతాడనుకుంది. ఆయన ఖాళీ అయిన గోడను, ఆమె చేతిలోని నోట్లను మార్చి మార్చి చూశాడు.

"ఏడువకు బిడ్డా. కిరాయికెందుకు? నీ చెయ్యి మంచిది. మనమే నడుపుదాం," అన్నాడు.

"దరఖాస్తు పెడదాం మామయ్యా..."

"పెడదాం తియ్. బేరం లేనప్పుడు."

మహేష్ వచ్చేసరికి దొడ్లో మంచం పలకల మీద సోమమ్మ వడియాలు ఆరబెట్టింది. హాల్లో చాప పరిచి ఉంది. ఆ తర్వాత హరితా మహేషూ కళ్లతోనే మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. వెలుతురు అంచు ఇప్పటికీ ఆ గదిలో పొద్దున్నే పరుచుకుంటుంది. చూడడానికి అక్కడ ఎవరూ ఉండరు.

కొన్నాళ్లకు ఒక పెద్దాయన షట్టర్ ముందు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు.

"అమ్మా, మనుమనికి పెండ్లైంది. కొత్త జంటకు ఏమిస్తే మంచిగుంటది?"

హరిత గడియారాల దుమ్ము తుడుస్తూ, "తలుపున్న అర్ర," అంది.