చెంపదెబ్బకు మన యాసే కావాలి!

సినిమాల్లో మన పాలమూరు యాసను దొంగలకూ, తాగుబోతులకూ, తన్నులు తినేవాళ్లకూ కేటాయించడం మన జిల్లాకు జరిగిన అతి పెద్ద మేలు! ఈ మాట అన్నందుకు గద్వాల బస్టాండులో నన్ను చుట్టుముట్టాలని ఎవరికైనా అనిపిస్తే, కాస్త ఆగండి. చివరిదాకా చదివి, అప్పుడు కొట్టండి.

ఆలోచించండి! కృష్ణా నది మన గడప ముందు నుంచే పోతుంది, మనవైపు తల తిప్పి చూడదు. ఏ పథకం వచ్చినా మన ఊరు చేరేసరికి శిలాఫలకం మాత్రమే మిగులుతుంది. అలాంటి జిల్లాకు, ఎవరూ ధర్నా చేయకుండా, ఎవరూ వినతిపత్రం ఇవ్వకుండా, సినిమావాళ్లు వాళ్లంతట వాళ్లే ఒక రిజర్వేషన్ ఇచ్చారు. హీరో వేషం మనకు రాదు, సరే. హీరోయిన్ నాన్న వేషం రాదు, సరే. జడ్జి, డాక్టరు, కలెక్టరు నోట్లోంచి 'గట్లనా' అన్న మాట వస్తే తెర చిరిగిపోతుందేమో, నాకు తెలియదు. కానీ మేకల దొంగ? మనవాడే! గేటు దగ్గర గురకపెట్టే వాచ్‌మన్? మనవాడే! విలన్ పక్కన నిలబడి, తప్పుడు తలుపు తట్టి, అందరికంటే ముందు తన్నులు తినేవాడు? నూటికి నూరుపాళ్లు మనవాడే! ఏ కోర్టూ కొట్టేయలేని కోటా ఇది.

ఈ కోటాలో మొదటి రెండు ఉద్యోగాలూ మా ఊరికే వచ్చాయి. అమరచింత దగ్గర మా పల్లె. ఒకరు కురుమయ్య, ఒకరు ఆశీర్వాదం. కురుమయ్య వాసంలా పొడుగు, ఆశీర్వాదం వడ్ల గుమ్మిలా గుండ్రం. ఇద్దరూ ఒకేరోజు బడి మానేశారు. ఒకేరోజు లేబర్ బండెక్కి హైదరాబాద్ పోయారు. పునాదులు తవ్వడానికి పోయినవాళ్లు తెర మీదికి ఎలా ఎక్కారు?

తట్ట నెత్తిన పెట్టుకునే ఎక్కారు. 2001 ఎండాకాలం. ఒక స్టూడియోలో రాజుగారి కోట సెట్టింగ్‌కు ఇద్దరూ మట్టి మోస్తున్నారు. పగటి అన్నం వేళ జొన్నరొట్టె దగ్గర తగాదా వచ్చింది.

"గా పెద్ద రొట్టె నాది. ఇటు తేరా."

"నీదెట్లయితది? దాని మీద నీ పేరున్నదా?"

"మా జంగమ్మ చేసింది," అన్నాడు కురుమయ్య, పెళ్లాం పేరెత్తి.

"చేసింది జంగమ్మ. పట్నందాంక మోసింది నేను. నువ్వు బండ్ల గుర్రుపెట్టి పండుకుంటివి. మోసినోనికి హక్కు లేదా?"

"హక్కా? మట్టి గూడ మోస్తున్నవ్ గదరా, గీ కోట నీదయితదా?"

అటుగా పోతున్న దర్శకుడు పొట్ట పట్టుకుని నవ్వాడు. వాళ్లు నిజంగా ఆకలితో పోట్లాడుకుంటున్నారని ఆయనకు తెలియదు, కామెడీ అనుకున్నాడు. చూశారా! మనం రొట్టె గురించి మామూలుగా మాట్లాడుకుంటేనే ఎదుటివాడి కడుపు నిండుతుంది. ఇంత ప్రతిభ ఇంకే జిల్లాకు ఉంది? మర్నాడే ఇద్దరికీ మేకల దొంగల వేషాలిచ్చారు. డైలాగులు కూడా రాసివ్వలేదు. "మీరు ఊళ్లో ఎలా మాట్లాడుకుంటారో అలాగే మాట్లాడండి, చాలు" అన్నారట.

అక్కడి నుంచి ఆరేళ్లలో ఇరవై మూడు సినిమాలు! కథ ఏదైనా వాళ్ల పని ఒక్కటే. కురుమయ్య పథకం వేస్తాడు, ఆశీర్వాదం ఆ పథకాన్ని పాడుచేస్తాడు, హీరో వస్తాడు, కురుమయ్య ఉరుకుతాడు, ఆశీర్వాదం దొరుకుతాడు. ఫాట్! దెబ్బ ఎప్పుడూ ఆశీర్వాదానికే ఎందుకు? కురుమయ్య చెంప ఎత్తులో ఉంటుంది, మన హీరోలకు అందదు. ఆశీర్వాదం చెంప అందుబాటులో ఉంటుంది, విశాలంగానూ ఉంటుంది.

ఆ ఉద్యోగంలో ఎదుగుదల లేదంటారా? మొదటి సినిమాలో హీరో కొట్టాడు. నాలుగో సినిమాకు హీరోయిన్ కొట్టింది. తొమ్మిదో దాంట్లో హీరోయిన్ చెల్లెలు. పద్నాలుగో దాంట్లో ఆరేళ్ల పాప. పద్దెనిమిదో దాంట్లో కోతి! ఎన్ని రకాల చేతుల మీదుగా సన్మానం జరిగిందో చూడండి. ఏ సర్కారు ఉద్యోగికి ఇంత వైవిధ్యం ఉంటుంది?

జిల్లాకు జరిగిన లాభాలు ఇంకెన్నో. నాగర్‌కర్నూల్‌లో ఒక హోటలాయన టీవీలో ఆ దెబ్బల బిట్లే మళ్లీ మళ్లీ వేసి మిర్చిబజ్జీలు అమ్ముకున్నాడు. పెద్దమందడిలో ఒక పెళ్లికి ఆశీర్వాదం పోతే పెళ్లికొడుకు మేనమామ దగ్గరికొచ్చి, "అన్నా, ఫొటో కోసం ఒక్కటి కొట్టుకోవచ్చునా? మెల్లగనే కొడ్త" అన్నాడు. ఆశీర్వాదం చెంప ఇచ్చాడు. వెనకాల లైను కట్టారు.

మా మేనల్లుడు అరవింద్ హైదరాబాద్‌లో ఇంటర్వ్యూకు పోయాడు. నీ గురించి చెప్పమంటే మన యాసలో రెండు ముక్కలు చెప్పాడు. బోర్డు మొత్తం నవ్వింది! ఒకాయన మళ్లీ చెప్పించుకుని మరీ విన్నాడు. ఉద్యోగం రాలేదు, అది వేరే విషయం. పొద్దుటి నుంచీ ముఖాలు మాడ్చుకుని కూర్చున్న అయిదుగురు పెద్దమనుషులను ఆ రోజు నవ్వించింది మనవాడే కదా! ఇంకొకతను పట్నం దవాఖానాకు పోయి "కడుపుల మంట లేస్తుంది సారూ" అంటే డాక్టరుకు నవ్వాగలేదట. సంతోషమే సగం బలం అన్నారు పెద్దలు. మిగిలిన సగానికి మాత్రలు రాసిచ్చాడు.

ఇంతటి మేలును ఒప్పుకోని మనిషి మా ఊళ్లో ఒక్కతే ఉంది. ఆశీర్వాదం తల్లి ఎస్తేరమ్మ.

ఆమెకు రెండు కళ్లలోనూ పొర. వెలుతురు తెలుస్తుంది, మనిషి తెలియడు. గొంతు వినబడితేనే మనిషి. అందుకని ఎస్తేరమ్మ సినిమా చూడదు, వింటుంది. కొడుకు సినిమా గద్వాలకు వచ్చిందంటే ఆటో ఎక్కి మ్యాట్నీకి రావలసిందే. కురుమయ్య పెళ్లాం జంగమ్మ పక్కన కూర్చుని తెర మీద జరిగేదంతా చెబుతుంది. వాళ్ల వెనక వరుసలో కూర్చుని నేను చాలా సినిమాలే చూశాను. అసలు సినిమా కంటే ఆ వరుసే బాగుండేది.

తెర మీద ఫాట్‌మని మోగుతుంది. హాలంతా గొల్లుమంటుంది.

"ఎవరు కొట్టిండ్రే జంగమ్మా?"

"హీరో కొట్టిండత్తా."

"మావోడేం జేసిండని?"

"ఏం జెయ్యలే. అన్నా, బాగున్నవా అన్నడు."

"బాగున్నవా అంటె కొడ్తరా?"

"అన్నందుకు గాదత్తా. గట్ల అన్నందుకు."

"మరి నీ మొగుడేం జేస్తుండు?"

"ఉరుకుతుండు!"

"ఎన్నడు జూసినా ఉరుకుడే. ఒక్కపారన్న అడ్డం రావొద్దా వాడు? ఇద్దరు గలిసే గద పోయింది!"

"ఇంటి కాడ గూడ గంతే అత్తా. పని పడితే ఉరుకుతడు."

ఒక క్రిస్మస్‌కు ఆశీర్వాదం ఊరొచ్చినప్పుడు ఎస్తేరమ్మ కొడుకు చేయి పట్టుకుని అడిగింది. "కొడకా, ఇరవై సిన్మాలాయె. నీ మాట ఎంబడే దెబ్బ సప్పుడు, దెబ్బ ఎంబడే నవ్వుడు. నువ్వు మాట్లాడుతుంటే జనం ఊకుండి ఇనే సిన్మా ఒక్కటి జెయ్యవా? గంతకంటె ఏం అడగ."

ఎంత తెలివితక్కువ కోరికో చూడండి! చేతిలో ఉన్న పర్మినెంటు చెంపదెబ్బను వదిలి, గౌరవం అనే టెంపరరీ పోస్టు కోసం ఎవరైనా పోతారా? కురుమయ్య కూడా ఇదే చెప్పాడు.

"దెబ్బలు తిని బతుకుతున్నం. తినుడు బంద్ జేస్తే ఏం దింటవురా?"

"అమ్మ అడిగిందిరా."

"మా జంగమ్మ గద్వాల చీర అడిగింది. గద్వాల పక్కనే ఉండి ఇయ్యలే. అడిగినయన్ని ఇస్తమా?"

ఆశీర్వాదం వినలేదు. ఏడాది పాటు దర్శకుల వెంట తిరిగాడు. ఒకాయన, "నువ్వు ఏడిస్తే జనం ఇంకా ఎక్కువ నవ్వుతారయ్యా" అన్నాడు. అది పొగడ్తే అనుకోండి! చివరికి 2007లో ఒకరికి దయ కలిగింది. ముసలి రైతు వేషం. హీరో ఒళ్లో తలపెట్టుకుని రెండు నిమిషాలు మాట్లాడి ప్రాణం విడవాలి. తల దగ్గర కూర్చుని ఏడ్చే తమ్ముడు కురుమయ్య. సీన్లో చెంపదెబ్బ లేదు! కురుమయ్య ఉరకడం కూడా లేదు!

ఆశీర్వాదం కళ్లలో గ్లిజరిన్ వేసుకోకుండానే చేశాడట. వాళ్ల నాన్న చివరిరోజుల్లో మాట్లాడినట్టే మాట్లాడాడట. లైట్లు పట్టేవాళ్లు కూడా కళ్లు తుడుచుకున్నారని కురుమయ్య నాకు ఫోన్ చేసి చెప్పాడు. నెల గడిచింది. సినిమా విడుదల దగ్గర పడింది. ప్రతి సినిమాకూ గొంతు రికార్డు చేయడానికి పిలిచేవాళ్లు ఈసారి పిలవలేదు.

"డబ్బింగ్‌కు పిలువలేదేందిరా?" అని ఆశీర్వాదం పరేషాన్ అయ్యాడు.

"ఒకపారి గంత మంచిగ జెప్పినవ్. మల్ల జెప్పించుడెందుకని, గదే ఉంచుకున్నరు," అని కురుమయ్య తేల్చేశాడు.

సరిగ్గా మనవాళ్లు మాత్రమే చేయగల ఊహ!

మొదటిరోజు మ్యాట్నీకి మా ఊరంతా రెండు ట్రాక్టర్లలో గద్వాల దిగింది. కొత్త చీర కట్టుకుని ఎస్తేరమ్మ మధ్యలో కూర్చుంది. ఆమెకు ఒకవైపు ఆశీర్వాదం, ఇంకోవైపు నేను. వెనక జంగమ్మ, కురుమయ్య. నేను కూర్చోగానే ఆమె చేయి నా భుజం తడిమింది.

"ఎవరు?"

"నేనే పెద్దమ్మా, ఎంకటన్నను."

"నువ్వారా! అచ్చం మీ నాయిన గొంతే. కూసో బిడ్డా. ఇయ్యాల మావోడు మాట్లాడ్తడు, ఊకుండి ఇను."

ఆ సీను రానే వచ్చింది. ఎండిన చేను. హీరో ఒళ్లో ఆశీర్వాదం. కెమెరా దగ్గరికి పోయింది. ఆశీర్వాదం నోరు తెరిచాడు. లోపలి నుంచి, రేడియోలో వార్తలు చదివేంత గంభీరంగా, ఎవరిదో గొంతు వచ్చింది:

"బాబూ... ఈ నేలను మాత్రం అమ్ముకోకు నాయనా. ఇది మీ తాతగారి చెమట..."

హాలంతా సద్దుమణిగింది. పల్లీలు నమలడం ఆగిపోయింది. నా ముందాయన ముక్కు చీదాడు. ఎస్తేరమ్మ కోరినట్టే జనం ఊకుండి విన్నారు!

నా పక్కన ఎస్తేరమ్మ గుసగుసలాడింది. "ఎవరో పెద్దసారు లెక్కున్నడు, పాపం. పానం పోతున్నట్టున్నది. మావోడు ఎప్పుడొస్తడే జంగమ్మా?"

జంగమ్మ పక్కనున్న మొగుణ్ని మోచేత్తో పొడిచింది. కురుమయ్య ముందుకు వంగి, "అరె, నీ నోట్లెకు గీడెవడు దూరిండురా!" అన్నాడు.

ఆశీర్వాదం తెర వైపు చూశాడు. తెర మీద ఆశీర్వాదం పెదాలు ఇంకా కదులుతూనే ఉన్నాయి. అప్పుడతను తల్లి చెవి దగ్గరికి వంగాడు. "అమ్మా, గది నేనే. నేను జెప్పింది గిట్ల గాదు. ఇను." అని, సెట్లో చెప్పిన మాటలు మళ్లీ చెప్పాడు:

"బిడ్డా... జాగ అమ్మకురా. గిది మీ తాత చెమటరా. నేను పోత. గిది పోవద్దు..."

చెవిలోనే చెప్పాడు. కానీ హాలు అంత నిశ్శబ్దంగా ఉంటే మాట ఎక్కడ ఆగుతుంది? అందరికీ వినబడింది.

హాలు గొల్లుమంది.

పాఠకులారా, అక్కడున్నది పట్నంవాళ్లు కాదు. అదే యాసలో టికెట్ అడిగి, అదే యాసలో సీటు కోసం తిట్టుకుని లోపలికొచ్చిన గద్వాల జనం, మా ఊరి జనం. మనల్ని చూసి నవ్వడానికి ఇక పట్నం నుంచి ఎవరూ రానక్కర్లేదు, ఆ పనిలోనూ మనం స్వయంసమృద్ధి సాధించాం. అన్నట్టు, మొదట నవ్వింది నేనే. నవ్వాలని నవ్వలేదు. ఆ గొంతు, ఆ మాట వినబడగానే నా పొట్ట దానంతటదే కదిలింది. ఇరవై మూడు సినిమాల అలవాటు!

కొడుకు గొంతు వినబడగానే ఎస్తేరమ్మ ముఖం వెలిగింది. "ఆఁ, వచ్చిండు," అంది. అంతలోనే నవ్వులు. ఆమె చేయి గబగబా కొడుకు చెంప వెతుక్కుంది.

"ఎవరు కొట్టిండ్రే?"

"ఎవ్వరు కొట్టలేదత్తా," అంది జంగమ్మ.

"కొట్టకుంటె ఎందుకు నవ్విండ్రు? మొదలు ఎవరో నవ్విండ్రు. గీ పక్కకే ఇనబడ్డది."

ఆమె నావైపు తిరిగింది. తప్పు చేసి దొరికినప్పుడు నాకు పుస్తకాల తెలుగు వస్తుంది. కాలేజీ చదువు మహిమ. "అబ్బే, అదేం లేదండీ," అన్నాను. "ప్రేక్షకులు సన్నివేశాన్ని కొద్దిగా అపార్థం చేసుకున్నారు, అంతే."

ఎస్తేరమ్మ గౌరవంగా కొంగు సర్దుకుంది. కాస్త ఒదిగి కూర్చుంది.

"పట్నం నుంచి వచ్చిండ్రా సారూ? ఏమనుకోకుండ జర జరుగుండ్రి. గీడ మా ఊరి ఎంకటన్న కూసుండె. ఇప్పుడే ఉండె పిల్లగాడు, యాడికి వోయిండో ఏమో."

పాఠకులారా, గా ఎంకటన్న మీకు యాడనన్న కానొస్తే, ఎస్తేరమ్మ పిలుస్తుందని జెప్పి జర తోలియ్యుండ్రి.