నామంజూరు గారి విశ్రాంతి

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చిన్నదే: పదకొండింటిదాకా ఏ పనీ చేయకూడదు. తొమ్మిదింపావుకే వ్రతభంగం అయింది. వంటింట్లో డబ్బాలన్నీ ఎత్తు ప్రకారం వరుసగా నిలబెట్టాడు. రెండు కళ్ళకూ పొర కమ్మిన అక్క, చేతి అలవాటు కొద్దీ చక్కెర ఉండే చోట చెయ్యి పెట్టి, కాఫీలో ఉప్పు కలుపుకుంది.

"ఒరేయ్, ఇంకో ఇరవై రోజుల్లో నా కంటికి ఆపరేషన్. తోడుంటావని ఇంత దూరం రప్పించుకుంటే, నా వంటింటికి ఆపరేషన్ చేస్తావా?" అంది. "విజిటర్ వీసా మీద వచ్చావు. ఊరికే కూర్చోవడమే ఇక్కడ నీ డ్యూటీ."

"ఊరికే ఎంతసేపని కూర్చుంటానక్కా?"

"పక్క వీధిలో లైబ్రరీ ఉంది. వెళ్ళి అక్కడ కూర్చో. దేన్నీ ముట్టుకోకు."

ఆయన ముప్ఫైనాలుగేళ్ళు ఒక పెద్ద ఆఫీసులో సెలవుల సెక్షన్ చూసి రిటైరయ్యాడు. అక్కడ ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరికీ నామంజూరు గారే. తాను మాత్రం ఒక్కరోజూ సెలవు పెట్టలేదు. పెడితే, తాను లేకుండా కూడా ఆఫీసు నడుస్తుందేమోనని భయం. ఇప్పుడు రోజూ ఉదయం ఆ భయం ఆయన కంటే ముందే నిద్ర లేస్తోంది.

లైబ్రరీలో, తిరిగొచ్చిన పుస్తకాలు ఒక మూల గుట్టగా పడి ఉన్నాయి. ఆయన ఒక్కటే ముట్టుకున్నాడు. మూడోరోజుకల్లా గుట్ట కరిగిపోయింది. లైబ్రేరియన్ కళ్ళనీళ్ళ పర్యంతమై, కొక్కేనికి వేలాడుతున్న సిబ్బంది నీలం కోటు తెచ్చి ఆయనకు తొడిగింది.

"జీతం ఇవ్వలేమండీ. ఉత్త సేవే."

"జీతం లేకపోతే అది పనే కాదుగా," అన్నాడాయన గుండీలు పెట్టుకుంటూ.

ఇంటికొస్తే అక్క అడిగింది: "ఏం చేశావురా?"

"కూర్చున్నాను."

నాలుగోరోజు లైబ్రేరియన్‌కు పన్నునొప్పి వచ్చింది. "గంటలో వస్తాను, నా గది కాస్త చూస్తుండండి," అని వెళ్ళింది. గది చూడాలంటే కుర్చీలో కూర్చోవాలని ఆయనకు ఎవరూ నేర్పక్కర్లేదు. అప్పుడే, రెండు వారాల జ్వరం తర్వాత డ్యూటీలో చేరిన కౌంటరు ఆవిడ లోపలికొచ్చి, కోటునూ కుర్చీనీ చూసి, కొత్త ఆఫీసరనుకుని ఒక కాగితం ముందు పెట్టింది.

"మా పెద్దమ్మగారి అమ్మాయి పెళ్ళండీ. రెండు రోజులు సెలవు కావాలి."

నెలల తరబడి మూగబోయిన వేళ్ళు కదిలాయి. 'ముందుగా తెలియజేయలేదు. ప్రత్యామ్నాయ ఏర్పాటు చూపలేదు. పెద్దమ్మ కుమార్తె సమీప బంధువుల జాబితాలో లేదు. నామంజూరు.' కింద సంతకం. ఆ సాయంత్రం ఆయన ఈలవేస్తూ ఇల్లు చేరాడు.

కౌంటరు ఆవిడ యూనియన్‌కు చెప్పింది. యూనియన్ హెడ్డాఫీసును నిలదీసింది. అంత చక్కటి నోటు రాసినవాడు తమవాడు కాడంటే నమ్మలేక, హెడ్డాఫీసు మూడంతస్తుల్లోనూ ఆ సంతకం కోసం వెతికింది. చివరికి విషయం తెలిసి, కాగితాన్ని వీసాల ఆఫీసుకు పంపి చేతులు దులుపుకుంది. ఆపరేషన్‌కు వారం ముందు ఇంటికి ఉత్తరం వచ్చింది.

"ఏమిట్రా అది? చదువు."

"ఏదో ప్రకటనక్కా."

"ప్రకటన చదవడానికి గొంతెందుకు వణుకుతోంది?"

చదివాడు. అనుమతి లేకుండా పనిచేసినట్టు తేలితే మర్నాడే విమానం ఎక్కాలి. "ఆపరేషన్ గదిదాకా నా చెయ్యి ఎవరు పట్టుకుంటారురా?" అంది అక్క.

విచారణ శుక్రవారం, ఆపరేషన్ సోమవారం. అధికారి కుర్రవాడు. "జీతం తీసుకోకపోయినా, మామూలుగా జీతమిచ్చి చేయించే పనైతే అది పనే," అన్నాడు. "పుస్తకాలు సర్దారా?"

లైబ్రేరియన్ లేచింది. "మా దగ్గర ఆ పోస్టే లేదండీ. రెండేళ్ళుగా ఎవరూ సర్దలేదు."

"మరి సెలవు తిరస్కరించడం?"

"అదీ ఒక పనేనా?" అంది కౌంటరు ఆవిడ. ఫిర్యాదు ఒక మనిషిని విమానం దాకా తీసుకెళ్తుందని ఆమె అనుకోలేదు. "నేనెలాగూ వెళ్ళొచ్చాను. పెళ్ళి బాగా జరిగింది. ఇక్కడా ఏమీ ఆగలేదు."

ఏమీ ఆగలేదు. ఇన్నేళ్ళూ ఆయన భయపడింది ఆ మాటకే. "పని కాదంటారేమిటండీ? ముప్ఫైనాలుగేళ్ళు నేను..." అని లేచాడు. అక్క మసకలోనే తడుముకుని, ఆయన మోకాలు వెతికి పట్టుకుని గట్టిగా గిల్లింది. కూర్చున్నాడు.

అధికారి ఊపిరి పీల్చుకుని టైపు చేసిన కాగితం ఒకటి జరిపాడు: 'నేను చేసినది ఏ విధంగానూ పని కాదు.' కింద సంతకం పెడితే ఉండొచ్చు. పెడితే ముప్ఫైనాలుగేళ్ళూ ఆ కాగితం కిందే పోతాయి. ఆయన పక్కకు చూశాడు. అక్క కిటికీ వైపు తిరిగి, ఆయన మొహం అటే ఉందనుకుని, కళ్ళతోనే బతిమాలుతోంది.

పెట్టాడు. వెంటనే, "దీనిమీద తేదీ లేదండీ," అని కలం మళ్ళీ ఎత్తాడు.

"ఇప్పుడు మీరు చేస్తున్నదేమిటి?" అన్నాడు అధికారి.

"అది రోగం బాబూ," అంది అక్క. "దానికి వీసా అక్కర్లేదు." అధికారి కాగితం మీద స్టాంపు కొట్టి, నకలు ఒకటి ఆయన చేతిలో పెట్టాడు.

సోమవారం ఆయన ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాడు. కట్టు విప్పాక, చూపు ఎలా ఉందో తెలుసుకోవడానికి డాక్టరు ఏదైనా చదవమంటే, తమ్ముడి జేబులో ఉన్న ఆ కాగితమే లాక్కుని అక్క చివరి అక్షరం దాకా తప్పు లేకుండా చదివింది.

"ఇది చిన్నప్పట్నుంచీ నేను చెబుతున్నదేగా," అంది. "స్టాంపొక్కటే కొత్తది."