ఉమ్మడి బ్రేకులు

ఉమ్మడి కుటుంబం అంతరించిపోయిందని దిగులుపడేవాళ్లు ఒకసారి మా కారు ముందు చక్రాలు విప్పి చూడాలి. అది అక్కడ క్షేమంగా ఉంది.

మా ఆయన మహిపాల్‌ది ఎల్లారెడ్డి, మరిది నరేందర్ కాపురం కామారెడ్డిలో. అన్నదమ్ములు పొలం పంచుకున్నారు, ఇల్లు పంచుకున్నారు, మా అత్త మంగవ్వను కూడా నెలల చొప్పున పంచుకున్నారు. (ఆమెను ఎవరూ అడగలేదు.) ఇద్దరివీ ఒకే రకం కార్లు కాబట్టి కొత్త బ్రేక్ ప్యాడ్లు మాత్రం ఉమ్మడిగా ఒక్క జతే కొన్నారు. దూరం పోయేవాడికి కొత్తవి, ఊళ్లో తిరిగేవాడికి అరిగినవి. అరిగినవాటితో బండి ఆగకపోతే ఎట్లా అని అడిగితే, హారన్ ఉంది కదా అన్నారు.

ఆ ప్యాడ్లు చేతిసంచిలో, ఆర్టీసీ బస్సులో, తాడ్వాయి మీదుగా వస్తూ పోతూ ఉంటాయి. మా ఇంట్లో అంత భద్రంగా ప్రయాణించేది అవొక్కటే. ఇంకో జత కొనుక్కోండని మెకానిక్ చెప్పాడు. అతను కమీషన్ మనిషని తేల్చి, విప్పడం బిగించడం అన్నదమ్ములే నేర్చుకున్నారు.

ఎవరి ప్రయాణం ముఖ్యమో తేల్చే అధికారం మంగవ్వది. నియమాల ప్రకారం చావుకు మొదటి స్థానం. తర్వాత పెండ్లిచూపులు, ఆ తర్వాత వడ్లు అమ్మడం. ఆడవాళ్ల దవాఖాన ప్రయాణాలు 'మెల్లగ పోతే సాలు' అనే విభాగం కిందికి వస్తాయి.

మా బిడ్డ సింధూజ పురిటికి వచ్చింది. నెలలు నిండాయి. ప్యాడ్లు కొన్నాళ్లు మా కారుకే ఉంచమని నేను విన్నవించుకున్నాను. అయితే అదే వారం నరేందర్ తన కొడుకు పెండ్లిచూపులకు దూరాన ఉన్న డోంగ్లి పోతున్నాడు.

"డాక్టరమ్మ తారీఖు చెప్పలేదానే?" అంది మంగవ్వ.

"చెప్పింది అత్తమ్మా. వచ్చే వారం అన్నది."

"మరింకేంది. నరేందర్ డోంగ్లి పోయి వస్తడు. గప్పటిదాక ఆగుమను."

(మా ఇంట్లో ఆగే బాధ్యత కారుది కాదు, లోపల కూర్చున్నవాళ్లది.)

కడుపులోని బిడ్డకు నియమాలు ఎవరూ చదివి వినిపించలేదు. నరేందర్ డోంగ్లికి బయలుదేరిన పొద్దునే సింధూజకు నొప్పులు మొదలయ్యాయి. మా ఆయన ఆలస్యం చేయకుండా కారు తీసి, ముందు జాగ్రత్తగా వాకిట్లోనే పరీక్షించాడు. కారు మెల్లగా పోయి గేటును తాకి నిలబడింది.

"ఆగింది కదా," అన్నాడు.

తండ్రి మాటకు ఏనాడూ ఎదురు చెప్పని పిల్ల, గోడ పట్టుకుని నిలబడి చెప్పింది. "బాపూ, నేనీ కారు ఎక్క."

నేను 108కి ఫోన్ చేశాను. ఆయన మా వెనక బస్సులో వచ్చాడు.

కామారెడ్డి దవాఖానలో స్ట్రెచర్ దిగిన కాసేపటికే ఆడపిల్ల పుట్టింది. చెబుదామని బయటికి వస్తే, మమ్మల్ని తెచ్చిన అంబులెన్స్ చక్రం దగ్గర ఆయన వంగి ఉన్నాడు.

"మనుమరాలు పుట్టింది. ఇద్దరు మంచిగున్నరు," అన్నాను.

ఆయన లేచి నిలబడ్డాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కండువాతో తుడుచుకుని, చాయ్ తాగుతున్న డ్రైవర్ వైపు తిరిగాడు.

"అన్నా, గీ ప్యాడ్లు మా కారుకు పడ్తయా?"